తాత నింపిన ఆఖరి సోడా

ప్లాస్టిక్ సోడా సీసా మూత తిప్పగానే బుస్సుమంటుంది. ఇంట్లో అందరూ గ్లాసులు చాపుతారు, నేను మాత్రం ఒక అడుగు వెనక్కి వేస్తాను.

పాకాల స్టేషన్ ఎదురుగా మా తాతకు గోలీసోడా అంగడి ఉండేది. తడిసిన గోనెసంచుల వాసన, రబ్బరు వాసన, ఎండాకాలమైతే కోసిన నిమ్మకాయల వాసన, వీటన్నిటి మధ్య ఇనుప పెట్టెలో సీసా బిగించి తాత చక్రం తిప్పుతుంటే, యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో మద్రాసు నుంచి ఏ రైల్లో వస్తుందో తెలియని సిలిండరులోని గ్యాసు నీళ్ళలోకి ఎక్కేది, గోలీ పైకి లేచి మూతిలోని రబ్బరుకు బిగుసుకునేది. ఆయనకు ఆయాసం. తిప్పేటప్పుడు ఆ రొప్పు వీధిలోకి వినిపించేది. సోడాలో ఉండేది ఆయన ఊపిరేనని మా అవ్వ నమ్మకం.

ఒక మధ్యాహ్నం తాత సీసా నింపి, బల్ల మీద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. అవ్వ ఏడవలేదు. ఆ సీసాను తెచ్చి నీళ్ళకుండ పక్కన తడి ఇసుకలో మెడదాకా పూడ్చింది.

బళ్ళో సైన్సు చెప్పే మా నాయన ఆమెకు నచ్చజెప్పబోయాడు. "అది ఊపిరి కాదుమా, గ్యాసు. ఎంత ఒత్తిడి పెడితే నీళ్ళు అంత గ్యాసు పట్టుకుంటాయి. రెండింతలు పెడితే రెండింతలు. నాయన చక్రం తిప్పి నాలుగింతలు పెట్టినాడు, సల్లగా ఉంటే ఆ బుడ్డిలో నాలుగు బుడ్లంత గ్యాసు ఉంటాది. వేడెక్కినా, గోలీ జారినా పోతాది."

అవ్వ చెవికి కావలసినంతే ఎక్కింది. "నాలుగు బుడ్లంత ఉండాడా?" అంది.

ఆనాటి నుంచి ఇసుక ఆరకుండా నీళ్ళు పోయడమే ఆమె పని. అన్నాలయ్యాక ఇల్లంతా కునుకు తీసే వేళ అక్కడ కూర్చుని, మేక ఈనిందనీ, ఊరగాయలో కారం ఎక్కువైందనీ గుసగుసగా చెప్పేది, మధ్యలో ఆగి వినేది, తలూపేది. దాహమేసినా పిల్లలం ఆ మూలకు ఒంటరిగా పోయేవాళ్ళం కాదు. ఒకసారి ధైర్యం చేసి సీసాకు చెవి ఆనించాను. లోపల ఏదో సన్నగా గీరినట్టయి బయటికి పరుగెత్తాను.

మరుసటి ఎండాకాలం బావి అడుగంటింది. అవ్వ తన వంతు నీళ్ళు తాగకుండా ఇసుకలో పోసేది. పెదవులు పగిలి మంచం పట్టింది. ఆమె ప్రాణం దక్కదని భయపడి నాయన సీసాను తీసేయబోతే చెయ్యి పట్టుకుంది. "ఆడనే ఉండనీ నాయనా."

నీళ్ళు పోసేవాళ్ళు లేక ఇసుక ఆరిపోయి, ఒక మిట్టమధ్యాహ్నం ఆ వేడికి సీసా మూతిలోని రబ్బరు వదులైంది. చక్రం తిప్పే తాత రొప్పులాగే ఒక పొడుగాటి శబ్దం వచ్చింది, గోలీ టంగుమని జారింది. చెవులు సరిగా వినిపించని అవ్వ లోపలి గదిలోంచి అడిగింది, "పోయినాడా?"

నాయన ఆ నీళ్ళే గ్లాసులో పోసి తెచ్చి పట్టాడు. అవ్వ ఒక గుక్క మింగి, "సప్పగా ఉండాది," అని భోరుమంది. తాత పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. ఏడ్చి ఏడ్చి, గొంతారి, మంచినీళ్ళు అడిగి చెంబెడు తాగింది. అలా మాకు దక్కింది.

ఇప్పుడు ఆ అంగడి లేదు, అవ్వ లేదు, గోలీ సీసాలు లేవు. నాయన లెక్క పిల్లల పుస్తకాల్లో ఉంది, అది నిజమేనని నాకూ తెలుసు. అయినా ఇంట్లో ఎవరూ లేనప్పుడు సోడా మూత మీద చెయ్యి వేసి, "ఉండావా తాతా?" అని అడిగాకే తిప్పుతాను.