సున్నం వెయ్యనివ్వలేదు

ఉప్పెన వచ్చిపోయిన మరుసటి ఏడు గుడివాడ నుంచి అవనిగడ్డ దగ్గర పల్లెకి కోడలినై వచ్చాను. కాపురానికొచ్చిన కొన్నాళ్లకే మలేరియా. దుప్పట్ల మీద దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడేవి. చేదు మాత్రలు మింగి లేచాక, ఈ ఇంట్లో ఇంకెవరూ ఇలా పడకూడదని పంతం పట్టాను.

ఆ వారంలోనే గోడలకి డీడీటీ కొట్టేవాళ్లు వచ్చారు. సున్నం వేస్తే మందు కప్పబడిపోతుందని, కొన్నాళ్లు ఆగమని చెప్పి వెళ్లారు. మా మరిది పెళ్లి దగ్గరపడింది. గోడల మీద మందు మరకలు చూడలేక అత్తయ్యగారు సున్నం కలిపించారు. నేను ఆ సున్నం బిందె మోసుకెళ్లి పెరట్లో కుమ్మరించాను. ఆవిడ నాతో మాట్లాడటం మానేశారు. పెళ్లి ఆ మరకల మధ్యే జరిగింది.

ఇంట్లో దోమలు తగ్గాయి. కానీ చచ్చినవి కొన్నే. గోడ మీద వాలిన దోమ కాళ్లు కాలినట్టు లేచిపోయేది, కిటికీ వెతుక్కునేది. బయట అరుగు మీద మావయ్యగారు చొక్కా లేకుండా నులకమంచం మీద పడుకునేవారు. ఆయనకి చలిజ్వరం వచ్చింది.

"నీ మందు దోమల్ని ఆయన మీదకి తోలింది," అన్నారు అత్తయ్యగారు. అన్ని రోజులకి నాతో ఆడిన మొదటి మాట అది.

"తోలిందండీ. అలాగని వాటిని మళ్లీ లోపలికి పిలుద్దామా?" అన్నాను.

బందరు నుంచి దోమతెర తెప్పించాను. ఇప్పుడు తెరకే మందు పట్టించి ఇస్తున్నారు. అప్పుడు ఉత్త తెరే. జ్వరం తగ్గిన మావయ్యగారు ససేమిరా అన్నారు. గాలాడదట, వలలో చేపలా ఉంటుందట. నాకప్పుడు నెలలు నిండుతున్నాయి. పొద్దుగూకే వేళకి పీట తెచ్చుకుని ఆయన మంచం పక్కనే కూర్చున్నాను. లోపలికి వెళ్లమన్నారు.

"మీరు తెరలోకి వెళ్తే నేనూ వెళ్తాను, మావయ్యగారూ."

పాదాల మీద దోమలు వాలుతున్నాయి. తోలుకోలేదు. ఆయన కాసేపు వీధివైపు చూశారు, కాసేపు నా కాళ్లవైపు చూశారు.

"మొండిఘటం. కట్టు," అన్నారు చివరికి.

నేను చేసింది మంచిపనేనని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. మరుసటి ఏడు మందు కొట్టేవాళ్లు వచ్చినప్పుడు మాత్రం అత్తయ్యగారే ముందు నడిచి, గదులన్నీ అయ్యాక వాళ్లని గొడ్లసావిడికి కూడా తీసుకెళ్లారు.