సుగుణ బాపుకు నేను చెప్పిన మాట

ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కనుకనే మీతో చెబుతున్నాను.

ఉప్పుగూడలో మా గల్లీ నుంచి డిగ్రీ కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్లను నేను. పుస్తకాలు పట్టుకుని బస్సుకు నడుస్తుంటే ఆడవాళ్లు పని ఆపి చూసేవారు. ఆ చూపులంటే నాకెంత ఇష్టమో అప్పుడు నాకే తెలియదు. మరుసటి ఏడు సీట్లు పెంచారు, స్కాలర్‌షిప్పులూ ఇస్తామన్నారు. పక్కింటి సుగుణకు మా కాలేజీలోనే సైన్సు సీటు వచ్చింది. నాకంటే చిన్నదైనా నా లెక్కలు తనే సరిచేసేది.

వాళ్ల నాన్న నర్సింగ్ రైల్వేలో కూలి, నేను కాకా అని పిలిచేదాన్ని. ఆడపిల్లను ఎక్కడికైనా పంపాలంటే ముందు అక్కడికి వెళ్లొచ్చేవాళ్లను అడగడం మా బస్తీ రివాజు. అందుకే మా ఇంటికొచ్చాడు. అమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"నువ్వు పోతున్నవ్ గద బిడ్డా. సుగుణను పంపుమంటవా? నువ్వెట్లంటే గట్ల."

"సైన్సు పిల్లలను చీకటి పడేదాంక ఉంచుతరు కాకా. గేటు కాడ పోరగాళ్ల లొల్లి గూడ ఉంటది."

అబద్ధం. ఎండ ఉండగానే అందరినీ వదిలేసేవారు. గేటు దగ్గర ముసలి చౌకీదారు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. కాక చాయ్ తాగకుండానే లేచాడు. వెనకాలే పరుగెత్తి నిజం చెబితే సరిపోయేది. ఎందుకు చెప్పలేదు? భయమా? కాదు, అసూయ. మా గల్లీలో నేనొక్కదాన్నే అన్న పేరు పోతుందని, ఆమె పక్కన నేను తేలిపోతానని.

సాయంత్రం సుగుణ వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. బాపు కారణం చెప్పలేదట, వద్దన్నాడట, అంతే. నేను ఎంతో చెప్పి చూశానని, కాక వినలేదని అన్నాను. మొదటి అబద్ధం కంటే ఈ రెండోదే నన్ను ఎక్కువ తింటోంది.

ఆ వేసవిలోనే ఆమెకు మాదన్నపేటలో కూరగాయల దుకాణం ఉన్నతనితో పెళ్లయింది. నేను లెక్చరర్‌నయ్యాను. ఇప్పుడు నా క్లాసు నిండా మా బస్తీల ఆడపిల్లలే. బెంచీలు చాలడం లేదని తోటివాళ్లు సంతోషంగా విసుక్కుంటారు. నేను మాత్రం ఏ పిల్ల తలెత్తి చూసినా బోర్డు వైపు తిరిగిపోతాను. కాక ఎప్పుడైనా నోరు జారితే? సుగుణకు తెలిస్తే?

మొన్న కూరగాయలకు వాళ్ల దుకాణానికి వెళ్లాను. సుగుణ నా చేయి పట్టుకుని తన కూతురికి చూపించింది.

"నా సదువు కోసం మా బాపుతోని కొట్లాడిన అక్క గీమెనే. కాళ్లు మొక్కు."

ఆ పిల్ల వంగింది. నేను వద్దనలేదు. తల మీద చేయి పెట్టి దీవించాను కూడా.

సుగుణకు చెప్పే ధైర్యం నాకు లేదు. రేపు వస్తుందని కూడా అనను. మీతో మాత్రం చెబుతున్నాను, ఆమె చదువు ఆపింది నేనే. ఊపిరి కొంచెం ఆడుతోంది.