గాలి ఆడని పొయ్యి

ఆ పొయ్యి నాకు మా అమ్మాయి పంపింది. బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పుట్టినరోజుకి ఆన్‌లైన్‌లో కొని, గాజువాకలో నేనుండే ఇంటికి వచ్చేలా చేసింది. బొగ్గులతో చేపలు, మాంసం కాల్చుకునే చిన్న గ్రిల్లు. మూత వేసి మడిస్తే సూట్‌కేసంత ఉంటుంది. అట్టపెట్టె మీద నలుగురు పచ్చగడ్డిలో దాని చుట్టూ కూర్చుని నవ్వుతున్న బొమ్మ ఉంది.

"రుషికొండ బీచ్‌కి తీసుకెళ్లి కాల్చుకో నాన్నా. ఎప్పుడూ ఇంట్లోనే కూర్చోకు" అంది ఫోన్లో.

సరేనన్నాను. ఎవరితో వెళ్లాలో తను చెప్పలేదు, నేనూ అడగలేదు.

అప్పటికి నేను ఒక్కడినే ఉండబట్టి మూడేళ్లయింది. నాది స్టీల్ ప్లాంటులో స్టోర్స్ ఉద్యోగం. కోనసీమ నుంచి కుర్రవాడిగా వచ్చి ఇక్కడే పాతుకుపోయాను. మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. విజయవాడకి బదిలీ అయినప్పుడు ఏడాదిలో వెనక్కి వచ్చేస్తుందనుకున్నాం. మొదట్లో ప్రతి శనివారం ఎవరో ఒకరం రైలెక్కేవాళ్లం. తర్వాత నెలకోసారి అయింది, ఆ తర్వాత పండగలకే. మేం పోట్లాడుకోలేదు. పోట్లాడుకుని ఉంటే ఎవరికైనా చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "తిన్నావా" అంటే "తిన్నాను" అనుకునేవాళ్లం, అంతే.

ఒక ఆదివారం పొద్దున్న నాలుగు కానాగంత చేపలు తెచ్చి, గాట్లు పెట్టి, ఉప్పూ కారం పట్టించి, పొయ్యి మేడ మీదకి తీసుకెళ్లాను. బొగ్గులు అంటుకోవడానికే గంట పట్టింది. అంటుకున్నాక సముద్రం వైపు నుంచి గాలి కొట్టి బూడిదంతా చేపల మీద పోసింది. కాసేపటికి కింద నిప్పు చచ్చిపోయింది. చేపల తోలు ఊచలకి అంటుకుపోయి, తిప్పబోతే ముక్కలై బొగ్గుల్లో పడ్డాయి. పైన మాడి లోపల పచ్చిగా ఉన్న ఒక ముక్కని నిలబడే తిన్నాను. పొయ్యిని పారేద్దామనుకున్నాను కానీ, ఎలా ఉందని అమ్మాయి అడిగితే అబద్ధం చెప్పాల్సి వస్తుంది.

అలా దాన్ని పట్టుకుని మా వీధి చివర వెల్డింగ్ షాపుకి వెళ్లాను. ఆ షాపాయనకి అరవై దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. మూత తెరిచి, లోపల వేలితో కొట్టి చూశాడు.

"ఇదేటి బాబూ, బొమ్మా?"

"కాదండీ. చేపలు కాల్చుకునేది. నిప్పు నిలబడట్లేదండీ."

"ఎలా నిలబడతాది? బొగ్గులు తిన్నగా రేకు మీదే ఏసేత్తే కింద నుంచి గాలెలా ఆడుద్ది? ఊపిరాడక సస్తంది ఇది. కూకో, నాను సేత్తాను."

పాత ఇనప జాలీ ముక్క కోసి, నాలుగు మూలలా నట్లు పెట్టి, అడుగు రేకు మీద అంగుళం ఎత్తున నిలబెట్టాడు. ఇక బొగ్గులు దాని మీద, బూడిద దాని కిందికి. రేకు పక్కల నాలుగేసి బెజ్జాలు వేశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్లది సముద్రం మీద వేటకెళ్లే కుటుంబమట. తండ్రీ అన్నదమ్ములూ అందరూ పడవలెక్కారు. ఈయనకి మాత్రం పడవెక్కితే వాంతులు.

"పదిసార్లు ఎక్కించాడు మా అయ్య. పదిసార్లూ కక్కాను. నువ్వు ఒడ్డునే ఉండెహె అని ఇంజన్లు బాగుసేసే షెడ్డులో పెట్టీసాడు" అని పకపకా నవ్వాడు.

నేనూ నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినపడింది.

తర్వాతి వారం బొగ్గులు బాగా రాజుకున్నాయి. అమ్మాయికి ఫొటో పంపితే బొటనవేలు బొమ్మ పెట్టింది. అయితే ఇప్పుడు మంట ఎక్కువైంది. మళ్లీ షాపుకి వెళ్లాను. బెజ్జాల మీద అటూ ఇటూ జరిగే రేకు పట్టీ బిగించాడు. ఆ పై వారం సన్న ఊచలు తీయించి, దగ్గర దగ్గరగా స్టీలు కడ్డీలు వేయించాను. వంగితే నడుం నొప్పని కాళ్లు పొడుగు చేయించాను. గాలి తగలకుండా మూడు వైపులా మడత రేకులు, మూత మీద పొగ వెళ్లే గొట్టం, చెయ్యి కాలకుండా చెక్క పిడి, అన్నీ వచ్చాయి. ఇస్త్రీ పెట్టెల్లో వేసే బొగ్గులు దొరికే కొట్టు కోసం వన్ టౌన్ సందులన్నీ తిరిగాను. స్టోర్స్‌లో పని లేనప్పుడు వాడేసిన కాగితాల వెనక దాని బొమ్మలు గీసేవాడిని. ఎప్పుడు మొదలుపెట్టాడో గుర్తులేదు గానీ, ఆయన నన్ను బాబూ అనడం మానేసి బావా అంటున్నాడు.

వానలు మొదలయ్యే ముందు ఒకరోజు, మూత సరిగ్గా పడట్లేదని తీసుకెళ్లాను. ఆయన మూత వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"బావా, మూత బాగానే పడతంది."

"కొంచెం బిగుతుగా ఉన్నట్టుందండీ."

"పోయినోరం పిడి వదులన్నావు. అదీ బాగానే ఉంది. పొయ్యికేటీ అవనేదు. నీకే ఏదో అయ్యింది."

చాలా నెమ్మదిగా అన్నాడు. వెక్కిరింపు లేదు. అయినా నా చెవులు వేడెక్కాయి. చేతికి దొరికిన గుడ్డతో పొయ్యి తుడుస్తూ నిలబడ్డాను.

"ఆదివారం మా ఇంటికి రా. ఇదీ అట్టుకురా. మావోళ్లు సూత్తారు" అన్నాడు.

వెళ్లాను. ఫిషింగ్ హార్బరు దగ్గర వాళ్ల ఇల్లు. ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు ఒకే వరసలో ఉంటాయి. గడపల్లో ఇరవై మందైనా ఉన్నారు. నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. పొయ్యి తెరిచి, మడత రేకులు లేపి, పట్టీ జరిపి ఎలా పనిచేస్తుందో చూపించాను. అందరూ మెచ్చుకున్నారు. కానీ దాని మీద ఒక్కసారికి నాలుగు చేపలే పడతాయి. రెండో వాయి వేసేసరికి పిల్లలు ఆకలని గోల పెట్టారు.

అప్పుడు ఆ అన్నదమ్ముల తల్లి, బాగా ముసలావిడ, లేచి వచ్చింది. కట్టెల పొయ్యిలోంచి నిప్పులు పారతో నేల మీదకి లాగింది. చేపలన్నిటినీ తిన్నగా ఆ నిప్పుల మీద పరిచేసింది. చేత్తోనే తిప్పింది. ఎంతోసేపు పట్టలేదు. అందరి కంచాల్లో చేపలున్నాయి.

"నీది బాగుంది నాయినా. ఒక్కలకైతే సరిపోద్ది" అంది నాతో.

ఆవిడ ఊరికే అన్న మాటే. నా కంచంలో అందరికంటే పెద్ద చేప వేశారు, ఇంకో రెండు తినమని బతిమాలారు. వాళ్లు ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుకుంటున్నారు. ఎవరో ఎవరినో ఏదో పాత విషయానికి ఏడిపిస్తున్నారు. నాకు సగం అర్థం కాలేదు, అయినా నవ్వుతూ కూర్చున్నాను. మేడ మీద ఒక్కడినే తిన్నప్పుడు కూడా నాకంత ఒంటరిగా అనిపించలేదు. చెయ్యి కడుక్కుంటూ నీళ్లతో ముఖం కూడా కడిగేసుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేసి ఎప్పటిలాగే "తిన్నావా" అంది.

"తిన్నాను. కానీ నాకు ఇక్కడ బాగోలేదు" అన్నాను.

అవతల టీవీ శబ్దం ఆగింది.

"ఒంట్లోనా?"

"కాదు."

"నాకూ బాగోలేదు. అడుగుతావేమోనని చూస్తున్నాను" అంది.

ఆ శనివారం రాత్రి విజయవాడ రైలెక్కాను. పొయ్యి తీసుకెళ్లలేదు. తను స్టేషన్‌కి వచ్చింది. జుట్టుకి రంగు వేయడం మానేసిందని అక్కడ చూశాకే తెలిసింది. ఇంట్లో ఏ గ్లాసు ఎక్కడుంటుందో నాకు తెలియదు. అడిగి తీసుకోవాల్సి వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం హాల్లో కూర్చున్నాం. ఇన్నాళ్లూ దాచుకున్న మాటలేమైనా బయటికి వస్తాయేమో అనుకున్నాను. రాలేదు.

"ఆ పొయ్యి సంగతేంటి? అమ్మాయి ఏదో చెప్పింది" అంది చివరికి.

చెప్పాను. అడుగున జాలీ ఎందుకు వేయాలో, బెజ్జాలు ఎంత తెరిస్తే ఎంత మంటో, కడ్డీలకి ముందు నూనె ఎందుకు రాయాలో వరసగా చెప్పుకుంటూ పోయాను. పడవెక్కలేని ఆయన గురించి చెప్పినప్పుడు నవ్వింది. ఆ తర్వాత ఊ కొట్టడం నెమ్మదించింది. చూస్తే సోఫాలో తల వెనక్కి వాల్చి నిద్రపోతోంది. ఫ్యాను గాలికి నుదుటి మీద తెల్ల వెంట్రుకలు కదులుతున్నాయి. లేపాలనిపించలేదు. సాయంత్రం రైలుకి ఇంకా టైముంది. అలాగే ఎదురుగా కూర్చున్నాను.