అక్క చెప్పిన షుగర్, ల్యాబ్ చెప్పిన షుగర్

మా అక్క తనకు షుగర్ అని తెలిసిన రోజునే అన్నం మానేసింది. చాయ్‌లో చక్కెర కూడా మానేసింది. చాయ్ మాత్రం మానలేదు. జొన్నరొట్టె చివరి ముక్క నములుతుండగానే స్టవ్ మీద చాయ్ చిక్కగా మరుగుతుండేది. భోజనం కాగానే తీపి కోరే నోటికి ఆ గ్లాసుతో బుద్ధి చెప్పేది.

ఎల్బీ నగర్‌లో నా దుకాణం కట్టేసి, చంపాపేట్‌లోని ఆమె ఇంటికి తరచూ వెళ్ళేవాడిని. వేలికి సూది గుచ్చుకుని, మీటర్ చూసి, "చూడురా, ఎంత మంచిగున్నదో" అనేది. పరగడుపునైనా, తిన్న తర్వాతైనా అదుపులోనే ఉండేది. మూడు నెలల సగటు చెప్పే ల్యాబ్ పరీక్షలో మాత్రం అంకె ఎక్కువే వచ్చేది. అది చూసి డాక్టరు షుగర్ మాత్ర పెంచారు. షుగర్ మరీ పడిపోయి అక్కకు చెమటలు పట్టి చేతులు వణికాయి. అయినా అంకె దిగలేదు. ఇక ఇన్సులిన్ తప్పదన్నారు.

"దొంగతనంగ ఏం తింటున్నవో చెప్పు" అన్నాడు బావ.

"తింటే నీ ముందట్నే తింట. నాకేం భయమా?"

పట్టుబట్టి ఆమే దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరింది. తోడుగా బావా నేనూ వెళ్ళాం. గదిలోకి వెళ్ళగానే అక్క వేలు చాపింది. "మేడం, ఇప్పుడే టిఫిన్ తిని రెండు గంటలైంది. మీరే గుచ్చి చూడుండ్రి."

గుచ్చి చూశారు. బాగానే ఉంది. ఆవిడ అక్క కింది రెప్ప లాగి చూసి, మేం తెచ్చిన రక్తపరీక్ష కాగితం తిప్పారు.

"హిమోగ్లోబిన్ తక్కువుందండీ. ఎర్ర కణాలు చిన్నవిగా, ఒక్కోటి ఒక్కో సైజులో ఉన్నాయి. నెలసరి ఎక్కువగా అవుతుందా? తిన్న వెంటనే టీ తాగుతారా?"

"నెలసరి ఎక్కువనే మేడం. చాయ్ అంటరా, తాగుత గని చక్కెర లేనిదే!"

"చక్కెర గొడవ కాదమ్మా. తిండిలో ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. ఇనుము తక్కువైతే ఆ మూడు నెలల అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. ముందు ఇనుము నిల్వ చూద్దాం. ఇన్సులిన్ ఇప్పుడే వద్దు, పెంచిన మాత్ర కూడా తగ్గిద్దాం."

నిల్వ దాదాపు ఖాళీ అని తేలింది.

మర్నాడే గ్రంథాలయంలో కూర్చున్నాను. బడి చదువు సగంలో ఆగినా, పుస్తకం పట్టుకుని తెలుసుకోగలననే గర్వం నాకుంది. చదివింది బావకు ఇలా చెప్పాను: "చక్కెర పోయి ఎర్ర కణాలకు అతుక్కుంటది, గోడకు పోస్టర్లు అతికినట్టు. గోడ ఎంత పాతదైతే అన్ని పోస్టర్లు. ఇనుము తక్కువున్నప్పుడు పాత కణాలే ఎక్కువ రోజులు తిరుగుతుండొచ్చని రాసిండ్రు. అక్క తినకున్నా అంకె పెరుగుతది."



అక్క ఇనుము మాత్రలు వేసుకుంది. నెలసరికి వేరే వైద్యం మొదలైంది. భోజనానికీ చాయ్‌కీ మధ్య ఎడం పెట్టింది. అన్నింటికంటే కష్టమైన పని అదేనంటుంది. డాక్టరమ్మ తొందరపడలేదు. రక్తం నిలకడకు వచ్చాకే మళ్ళీ పరీక్ష రాశారు. ఈసారి ల్యాబ్ అంకె మీటర్‌తో కలిసింది.

బావ రిపోర్టు చేత్తో పట్టుకుని సంబరపడ్డాడు. "గిప్పుడు తగ్గింది నీ షుగర్!"

"తగ్గలే" అంది అక్క. "ఎన్నడు పెరగనే లేదు. గది చెప్పు."

"సరె. పెరగలేదు. మాఫ్ చెయ్యి" అన్నాడు బావ.