సత్తయ్య ఇస్తరి

మా వంటింట్లో మేకుకు మోదుగాకు ఇస్తర్ల కట్ట ఒకటి వేలాడుతోంది. విస్తరిని మా నల్లగొండ వైపు ఇస్తరి అంటాం. దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్ అంతా తిరిగినా ఆకు బొమ్మ అచ్చేసిన కాగితం పళ్లాలే కనిపించాయి. చివరికి బంతిపూలు అమ్మే ఒక ముసలామె తన బుట్ట అడుగు నుంచి ఈ కట్ట తీసి ఇచ్చింది. పండుగ అయిపోయినా ఈ కిరాయి ఇల్లంతా ఇంకా దాని వాసనే. ఎండిన ఆకు వగరు, కుట్టిన పుల్లల చేదు, అడుగున ఎక్కడో కొంచెం పొగ. ఈ వాసన తగిలితే చాలామందికి పెళ్లి పంక్తులు గుర్తొస్తాయి. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ గుండెలో దడ మొదలవుతుంది.

భాద్రపదం చివరి అమావాస్యను మా వైపు పెత్రమాస అంటారు. చనిపోయిన పెద్దలకు అన్నం పెట్టే రోజు అది. అప్పటికి వానలు వెనక్కి తగ్గి, జొన్న చేలు పచ్చగా ఊగుతూ, గట్ల మీద తంగేడు పసుపుగా, గునుగు తెల్లగా విరగబూసి ఉండేవి. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ కోసం ఆడపిల్లలు పూల గంపలతో వస్తుంటే, మేము మగపిల్లలం చిర్రగోనె ఆట ఆపి వాళ్ల గంపల్లోంచి తంగేడు కొమ్మలు లాక్కుని పారిపోయేవాళ్లం. గడి లోపల మాత్రం ఆ రోజు ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. గడి అంటే మా ఇల్లే; దొరల ఇల్లు. తెల్లవారక ముందే గుమ్మడికాయ పులుసు ఉడుకుతున్న తియ్యటి ఆవిరి, నూనెలో గారెలు పొంగుతున్న చప్పుడు, నువ్వులు వేయించిన వాసన, తాతగారి పాన్‌దాన్‌లోంచి వచ్చే కాచు వాసన అన్నీ కలిసి దర్వాజ దాకా వచ్చేవి.

మా పెద్దలకు వేసే ఇస్తర్లు లోపలి వాకిట్లో ఉండేవి. వాటి తర్వాత బయటి అరుగు మీద ఇంకా కొన్ని ఇస్తర్లు పరిచేవారు. వాటిని ఊరి ఇస్తర్లు అనేవాళ్లం. ఆ ఏడు ఊళ్లో చనిపోయిన వాళ్లలో, అన్నం పెట్టడానికి నా అనేవాళ్లు లేనివాళ్లకు మా ఇంటి నుంచి పెట్టాలి. ఏ కులమైనా, ఏ మతమైనా సరే. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు కాని మా నాయనమ్మ ఆ పనిని తన ప్రాణంలా చూసుకునేది. దానికి ఆమె ఒక నియమం పెట్టింది. చనిపోయిన మనిషి బతికుండగా ఏది తిని మురిసేవాడో అది ఆ ఇస్తరిలో తప్పనిసరిగా ఉండాలి. అది తెలియకపోతే ఇస్తరి వేయకూడదు.

"తెల్వక పెడితే బిచ్చం ఏసినట్టయితది. మన ఊరోళ్లకు మనం బిచ్చం ఏస్తమా?" అనేది.

అందుకని పెత్రమాస దగ్గర పడుతుంటే ఆమెకు నిద్ర పట్టేది కాదు, ఆ దడ నాకూ అంటుకునేది. వచ్చినవాళ్లనల్లా ఆపి అడిగేది. గాజుల బుచ్చవ్వ పోయిన ఏడు ఆమెకు అంచులు మాడిన సర్వపిండి వేశారు. బుచ్చవ్వ గాజుల మలారం దించి, పిల్లల చేతుల్లోని మెత్తటి ముక్కలకు బదులు మాడిన అంచులు అడిగి నమిలేదట. దర్జీ కాసిం పోయినప్పుడు పూజారి గొణిగాడు. నాయనమ్మ సేమియా పాలలో ఉడికిస్తూనే, "ఆయన దేవుడేమంటడో నాకు తెల్వదు. కాసిం నా రైకలు కుట్టిండు, సేమియా అంటే పడి సచ్చేటోడు. గంతే" అంది. వడ్డిస్తూ ఒక్కొక్కరి గురించి నాలుగు మాటలు చెప్పేది. మా ఊరి చరిత్ర నేను విన్నది ఆ అరుగు మీదే.

ఇస్తర్లు పరిచాక కాకి వచ్చి ముట్టేదాకా కాపలా ఉండాలి. కుక్కలు, కోళ్లు, అప్పుడప్పుడు కోతులు. ఆ కాపలా సత్తయ్యది.

సత్తయ్య మా బండి తోలేవాడు. ముందూ వెనుకా ఎవరూ లేరు. మా కొట్టంలోనే ఎడ్ల పక్కన పడుకునేవాడు. మా అమ్మ కొత్త కోడలిగా ఊళ్లోకి వచ్చిన గూడు బండి తోలింది అతనే. నాకు విషజ్వరం వచ్చినప్పుడు వాగు పొంగి బండి దాటకపోతే నన్ను భుజాన వేసుకుని మెడ లోతు నీళ్లలో దాటించింది అతనే. పిల్లలం కూడా అతన్ని సత్తిగా అనే పిలిచేవాళ్లం. ఆ రోజుల్లో దొరల ఇళ్లలో అలాగే ఉండేది. పెత్రమాసనాడు మాత్రం అతను తలకు ఉతికిన రుమాలు చుట్టి, తుమ్మ కర్ర పట్టుకుని, అరుగు ముందు ఎండలో నిటారుగా నిలబడేవాడు. గారెల వాసనకు మాకే నోరూరి తిరుగుతుంటే అతను అటు చూసేవాడు కూడా కాదు.

"సత్తిగా, ఆకలైతలేదా? నువ్వు తినవా?" అని ఒకసారి అడిగాను.

"ముందుగాల ఆళ్లు తినాలె గద చిన్న దొరా. అటెన్క తింట."

కాకి ముట్టాక అతను కొట్టంలోకి వెళ్లిపోయేవాడు. అందరి భోజనాలూ అయ్యాక మిగిలినవి ఒక సత్తు గిన్నెలో సర్ది అటు పంపేవారు.

మా భూములు ఎట్లా పోయాయో, గడి ఎట్లా కూలిందో ఇక్కడ చెప్పను. అది ఎవరి ముందూ చెప్పుకునే అలవాటు మా ఇంట్లో లేదు. మేమంతా పట్నం వచ్చేశాక కూడా సత్తయ్య ఆ మొండిగోడల మధ్య దీపం పెడుతూ ఉండిపోయాడు. ఒక వానాకాలం కొట్టం కూడా పడిపోతే, ఊరివాళ్లు అతన్ని పట్నం శివారు అల్మాస్‌గూడ తెచ్చి, కడుతున్న అపార్ట్‌మెంట్ ఒకదానికి కాపలా పెట్టారు. ప్రతి అమావాస్యకూ బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి నన్ను చూసి వెళ్లేవాడు. నేను పిలిచేదాకా పైకి వచ్చేవాడు కాదు. వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి, "మంచిదేనా దొరా?" అని, "మంచిదే" అనగానే వెళ్లిపోయేవాడు. ఈ ఎండాకాలం దవాఖానలో పోయాడు. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది.

నాయనమ్మ తర్వాత నాన్న, నాన్న తర్వాత నేను, ఊరి ఇస్తరి ఏనాడూ ఆపలేదు. గడి లేకపోయినా డాబా ఉంది. ఈ ఏడు మా ఊరివాళ్లలో నా అనేవాళ్లు లేకుండా పోయింది సత్తయ్య ఒక్కడే. పెత్రమాస రేపనగా మా ఆవిడ అడిగింది: "మరి సత్తయ్యకు ఏం వండాలె?"

మా అన్నం తిని మా ఇంట్లో ముసలివాడైన మనిషికి ఏది ఇష్టమో నాకు తెలియదు. నాన్నకు తెలుసో లేదో. నాయనమ్మ ఏనాడూ చెప్పలేదు.

తెలియకుండా వేస్తే బిచ్చం. వేయకపోతే, ఊరందరి ఇస్తర్లకూ కాపలా కాసినవాడికి ఇస్తరి లేదు. ఇంట్లో కూర్చోలేక ఎల్బీనగర్ బస్సెక్కాను. అక్కడ మా ఊరి నర్సింహ సెలూన్ ఉంది. ఒకరి ఇంటికో దుకాణానికో వెళ్లి ఒక మాట అడగడం నాకు చాలా కష్టం. నర్సింహ ఎవరి గడ్డమో గీస్తూనే తేలిగ్గా చెప్పేశాడు:

"ఏముంటది దొరా? జర కల్లు, జర బోటికూర. ముసలోళ్లకు ఇంకేం కావాలె?"

"వాడు కల్లు ముట్టేవాడు కాదు నర్సింహా. ఆడవాళ్ల బండి తోలేవాణ్ణి కదా అని ఒట్టు పెట్టుకున్నాడు."

నర్సింహ కత్తి ఆపాడు. "అవును గదా. బోటికూర మా నాయినకిష్టం. గందుకే గదే నోటికొచ్చింది."

షేర్ ఆటోలో అల్మాస్‌గూడ వెళ్లాను. సత్తయ్య చివరిరోజుల్లో ఉన్న రేకుల గది లక్ష్మమ్మది. ఆమెదీ మా ఊరే, ఇప్పుడు అక్కడ కూరగాయలు అమ్ముతుంది. నన్ను చూసి కంగారుగా లేచి కుర్చీ తుడిచింది.

"ఏది పెడితే గది తినెటోడు దొరా. ఉప్పు లేకున్నా ఏమనకపోతుండె. ఒక్కనాడన్న 'ఇది కావాలె' అని నోరు తెరిసి అడిగినోడు కాదు. గాయన్ని అడిగినోళ్లు మాత్రం ఎవరున్నరు?"

ఆమె నన్ను అన్న మాట కాదది. అయినా తిరుగు ప్రయాణమంతా అదే చెవుల్లో ఉంది. మెట్రో వంతెన కింద దిగేసరికి చీకటి పడుతోంది, కోచింగ్ పిల్లల గుంపులు నన్ను తోసుకుంటూ పోతున్నాయి, నా నుదుటిన చెమట ఆగడం లేదు.

మెట్ల దగ్గర కింది వాటా కృష్ణవేణి గారు ఎదురయ్యారు. తెనాలి వైపు వాళ్లు. నోరు కాస్త ఎక్కువ అని నేనెప్పుడూ ముక్తసరిగా మాట్లాడేవాణ్ణి.

"ఏంటండీ రావు గారూ, మొహం అలా వాడిపోయింది? అన్నట్టు మీ సత్తయ్య గారు రావట్లేదేంటి? ఎండాకాలం నుంచి చూస్తున్నాను."

సత్తయ్య గారు. ఆ మాట అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. పోయాడని చెప్పాను.

"అయ్యో! పెసలు నానబోసినప్పుడల్లా అనుకుంటూనే ఉన్నానండీ, ఏరీ పెద్దాయన అని."

"పెసలా?"

"పెసరట్టండీ. అల్లం పచ్చడితో. మీరు పిలిచేదాకా ఈ మెట్ల మీదే కదా కూర్చునేవారు? పొద్దున్నే బయల్దేరి వచ్చిన మనిషి, ఖాళీ కడుపుతో. ఓ రోజు వేసి పెట్టాను. తిని, నా వంక చూసి, 'ఇదేందమ్మా గింత కమ్మగున్నది, జర ఇంకోటి ఇయ్యరాదు' అన్నారు. ఇక ప్రతిసారీ అడిగి మరీ తినేవారు. ఉల్లిపాయలు బాగా వేయమనేవారు. మీకు చెప్పొద్దనేవారు లెండి."

అడిగి మరీ తినేవాడట.

ఆ తర్వాత నేను ఆమెను సాయం అడిగాను. మా పొయ్యి మీదే వండాలి, మా ఆవిడకు రాదు, నేర్పాలి. ఆమె పెసలు తెచ్చి నానబోశారు. మా ఆవిడ సూర్యాపేట వైపు మనిషి. ఆమెకు ఒక పట్టాన మింగుడు పడలేదు.

"పెత్రమాసనాడు టిఫిన్ పెడ్తరా ఎవలన్న? చుట్టాలింటె నవ్వుతరు."

"నవ్వనీ" అన్నాను.

మర్నాడు మొదటిది చిరిగింది, రెండోది మాడింది. "పెనం మీద కోపం చూపిస్తే ఎలాగండీ వదినగారూ?" అని కృష్ణవేణి గారు గరిటె లాక్కుని, నా ముఖం చూసి వెనక్కిచ్చేశారు. మూడోది కుదిరింది.

డాబా మీద, నీళ్ల ట్యాంకుల మధ్య, హాస్టల్ ఆడపిల్లల బట్టలు ఆరేసిన తీగల కింద, మోదుగాకు ఇస్తరి పరిచాను. పప్పు, గుమ్మడికాయ పులుసు, గారె, వాటి పక్కన మడిచిన పెసరట్టు. నాలుగు మాటలు చెప్పాలి కనుక చెప్పాను: బండి గురించి, వాగు గురించి, దీపం గురించి. వినడానికి ఇద్దరు ఆడవాళ్లే ఉన్నారు. వాళ్లూ కిందికి వెళ్లిపోయారు.

కాకి రాలేదు. పావురాలు వచ్చాయి. మా కాలనీలో కాకులు కనబడక ఎన్నాళ్లయిందో అప్పటిదాకా గమనించనే లేదు. బట్టలు ఆరేసే కర్ర తీసుకుని పావురాలను తోలాను. అవి ట్యాంకు మీదికి ఎగిరి, మళ్లీ దిగేవి. ఎండ నడినెత్తికి వచ్చింది. పచ్చడి అంచులు ఎండిపోతున్నాయి. రాకపోతే? ఆ మెట్ల మీద ఎన్నిసార్లు కూర్చోబెట్టానో అన్నీ లెక్క పెట్టుకుని రాకపోతే? తలకు తువ్వాలు చుట్టుకుని నిటారుగా నిలబడ్డాను. మా ఆవిడ మెట్ల మీది నుంచి పిలిచింది.

"ఎంతసేపు గట్ల నిలబడ్తరు? ఒచ్చి తినరాదు?"

"ముందుగాల సత్తయ్య తినాలె. అటెన్క తింట."

చాలా ఆలస్యంగా, మూసారాంబాగ్ వైపు నుంచి, ఒక కాకి వచ్చింది. ఇస్తరి చుట్టూ నడిచి, గారెను వదిలేసి, పెసరట్టులోని ఉల్లిపాయ ముక్క ఒకటి లాక్కుని పోయింది.

కిందికి దిగేసరికి మిగిలిన పెసరట్లు చల్లబడి బిర్రబిగుసుకున్నాయి. వేడి చేస్తానంటే వద్దన్నాను. చల్లటిదే తిన్నాను. కొట్టంలోకి వెళ్లిన గిన్నె ఎప్పుడైనా వేడిగా వెళ్లిందా అని తింటున్నంతసేపూ గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను.

గడి లేదు, అరుగు లేదు, కొట్టం లేదు. ఇస్తర్లు కుట్టే చేతులు మా ఊళ్లో ఒక్కటీ మిగల్లేదట. బుచ్చవ్వ సర్వపిండి గురించి, కాసిం సేమియా గురించి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. మేకుకు వేలాడే కట్టలో మాత్రం ఇంకా ఇస్తర్లున్నాయి, ఆ వాసన వచ్చినప్పుడల్లా దడ మొదలవుతూనే ఉంది. అందుకే మొన్న ఎల్బీనగర్ వెళ్లి నర్సింహ కుర్చీలో కూర్చుని, అద్దంలోంచే అడిగాను.

"నర్సింహా, నీకు ఏం తినబుద్ధి అవుతుంది?"

"ఏంది దొరా, నాకు గిప్పుడే ఇస్తరి కుడుతున్నరా?" అని పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. అద్దంలో నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

"నన్నెవలూ అడగలే దొరా," అన్నాడు. "జర ఆగుండ్రి. యాది చేసుకోనీయుండ్రి."