బుడగలాయన ఏడో బోరు

మూతపడ్డ ఫ్యాక్టరీ ఆవరణలో పదకొండు బోర్లున్నాయి. తాగడానికి కాదు, పరీక్షకు. ఇనుప సామాన్ల జిడ్డు వదిలించే ద్రావకం ఏళ్ళ తరబడి నేలలోకి ఇంకి, అడుగున నీళ్ళలో కలిసింది. దాన్ని తినే సూక్ష్మజీవులు గాలి తగలని ఆ చీకట్లో పని చేస్తుంటాయి. అవి ఎంతవరకు తిన్నాయో చూడటానికి మూడు నెలలకోసారి నీళ్ళు పట్టి ల్యాబుకు పంపేవాడే మన బుడగలాయన. సీసాలో ఆవగింజంత గాలిబుడగ కనిపించినా, ద్రావకం అందులోకి ఆవిరై అంకె తప్పుతుందని పారబోసి మళ్ళీ పట్టేవాడు. పద్దెనిమిదేళ్ళుగా అదే చాదస్తం. ఇంట్లో దగ్గుమందు సీసాను కూడా తలకిందులు చేసి తట్టి చూస్తాడని భార్య ఏడిపించేది.

ఏడో బోరు అతని అక్క ఇంటి గోడను ఆనుకుని ఉంది. నీటి గుణం చూపే మీటరులో అంకెలు నిలకడ పడేదాకా ముప్పావుగంట సేపు పాత నీళ్ళు తోడిపొయ్యాలి. అంతసేపూ అక్క గోడ మీద మోచేతులాన్చి లోకంలోని కబుర్లన్నీ చెప్పేది. చివర్న ఒకటే ప్రశ్న, ఈసారి ఎంతకు దిగిందని. అతను కిందటిసారి కాగితం తీసి చదివేవాడు. ఒక ఏడాది లీటరుకు తొమ్మిది వందల మైక్రోగ్రాములు, తర్వాత మూడు వందలు, తర్వాత నలభై. ఇరుగుపొరుగు ఇళ్ళమ్ముకుని పోతుంటే అక్క మాత్రం కదల్లేదు. మా తమ్ముడు చూస్తున్నాడు కదా అని నలుగురికీ గొప్పగా చెప్పుకునేది. రెండేళ్ళ క్రితం ఆ అంకె తాగేనీళ్ళకు హద్దయిన ఐదు కన్నా తగ్గింది. ఇక భయం లేదక్కా అనేశాడు. మోకాళ్ళ నొప్పులతో నీళ్ళ క్యాన్లు మోయలేకపోతున్న అక్క, ఆ మాట పట్టుకుని ఆ రోజు నుంచే తన పెరటి బోరు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది.

నీళ్ళు పట్టేవాళ్ళకు ఇచ్చే కాగితంలో ఉండేది ఒక్క ద్రావకం అంకె. మిగతావి ల్యాబులోని పెద్ద రిపోర్టులో ఉంటాయి. బుడగ కోసం కళ్ళు కాయలు కాసేలా చూసిన మనిషికి, ఆ కాగితంలో లేనిదేమిటని అడగాలని ఒక్కసారీ తట్టలేదు.

మొన్న ల్యాబులో కొత్తగా చేరినావిడ ఫోన్ చేసి, ఏడో బోరుకు ఇంకో సీసా అదనంగా పట్టమంది. అతనికి తెలుసనుకునే మాట్లాడింది. అక్కడి జీవులు ద్రావకాన్ని సగం విరగ్గొట్టి ఆగిపోయాయట. చివరి ముక్కను తినే జీవి ఆ నీళ్ళలో లేనేలేదట. మిగిలిన ముక్క మొదటి దానికన్నా విషమట.

"ఎప్పట్నుంచండీ?" అన్నాడు.

"రెండేళ్ళు దాటింది. పెద్ద రిపోర్టులో ఉందిగా, మీరు చూళ్ళేదా?"

అతను ఫోన్ పెట్టేసి, ఈ శుద్ధి పని చూసే ఇంజినీరు దగ్గరికి పరిగెత్తాడు. ఆ లేని జీవిని తెచ్చి బోరులో వదలడానికి వచ్చే ఏడాది అనుమతి రావచ్చని, ఈలోగా జనంతో మాట్లాడటం నీ పని కాదని ఆయన అన్నాడు. అతను తిన్నగా అక్క ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అక్క లేచి కుళాయి కట్టేసి వచ్చి కూర్చుంది. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండునని అతనికి ఏడుపొచ్చింది. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఇప్పటికైతే ఏమీ కనిపించడం లేదని, ఏడాదికోసారి వచ్చి చూపించుకోమని చెప్పి పంపించాడు.

మళ్ళీ నీళ్ళు పట్టే రోజు వచ్చింది. పంపు ముప్పావుగంట తోడింది. అక్క గోడ దగ్గర నిలబడింది గానీ కబుర్లేమీ చెప్పలేదు, ఎంతకు దిగిందని అడగనూ లేదు. అతను పెట్టెలోంచి సీసా తీసి నింపి, మూత బిగించి, తలకిందులు చేసి తట్టాడు. బుడగ లేదు.

"ఒరేయ్ తమ్ముడూ, నన్నూ అలా పరీక్షకు పంపడానికి ఆ పెట్టెలో నాకు సరిపోయే సీసా ఏదైనా ఉందా?" అంది అక్క.

అతను సీసాను పెట్టెలోని మంచులో పెట్టి, దాని మీద తేదీ రాశాడు.