పోగు తెగితే నా పాదమే

సోలాపూర్ దాజీ పేట్‌లోకి కరెంటు మగ్గాలు ఇంకా రాని రోజులవి. మా అత్తగారింట్లోకి ఒకే వారంలో రెండు కొత్తవి వచ్చాయి. ఒకటి నేను. రెండోది నేల మీద నిలబెట్టే చట్రం మగ్గం. దానికోసం పాత గుంట మగ్గం గొయ్యి పూడ్చి, పైన ఫర్సి బండలు పరిచారు. ఎండలు ముదిరేసరికి మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు పోగులు పుటుక్కు పుటుక్కున తెగడం మొదలైంది. మగ్గాన్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు.

"ఇది కాలు వెట్టిన సంది పడుగు నిలుస్తలేదు. పున్నం దాంక సూస్త. ఆనెంక తల్లిగారింటికి తోల్త, గంతే," అంది అత్త, నాకు వినబడేలా.

అలా తోలేసిన పిల్లను మా పేటలో మళ్ళీ ఎవరూ గడప ఎక్కనివ్వరు. నాకు అన్నం సహించేది కాదు. నేను దాటినప్పుడు తెగిన పోగు అందరికీ గుర్తుండేది, తెగనిది ఎవరికీ గుర్తుండేది కాదు. నలుగురూ కుక్క అంటే మేక కూడా కుక్కే కదా. నా పాదం చెడ్డదేమోనని నాకే అనుమానం పట్టుకుంది.

అంతలో నేను బయట కూర్చునే రోజులు వచ్చాయి. ఆ రోజుల్లో మగ్గం వైపు తొంగి చూడకూడదు. పెరట్లో రేకుల కింద చాప వేసుకుని, చెవులు మగ్గానికి అప్పగించాను. పొద్దున అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె ఆగకుండా ఆడింది. వేడిగాలి లేవగానే ఆగింది, మా ఆయన తిట్టు వినిపించింది, మళ్ళీ ఆడింది, మళ్ళీ ఆగింది. మర్నాడూ అంతే. నా నీడ కూడా పడని చోట పోగులు తెగుతున్నాయి! కాకి వాలింది, తాటిపండు రాలింది. వీళ్ళు కాకిని కొడుతున్నారు.

మరి మారిందేమిటి? గొయ్యి. మా పుట్టింట్లో మగ్గం గుంట వేసవిలోనూ చెమ్మగా ఉండేది. ఇక్కడ బండ కాలుతోంది.

తలస్నానం చేసి లోపలికి వచ్చిన రోజు భయపడుతూనే మా ఆయనతో అన్నాను. "జర ఇనుండ్రి. గుంట పోయినంక పోగుకు తడి అందుతలేదేమో. గోనెలు తడిపి పడుగు కింద పరుస్త."

"పిచ్చి లేసిందా ఏందే? అమ్మ సూస్తే?"

"సూడనియ్యుండ్రి. పున్నం దగ్గరకొచ్చె. ఒక్క పగలు సూద్దాం."

గోనెలు తడిపి పరిచాను. మధ్యాహ్నం వేడిగాలి లేచింది. గోడ వెనక నిలబడి విన్నాను. నాడె ఆడుతూనే ఉంది. ఆయనకు నమ్మకం కుదరక మర్నాడు గోనెలు తీసేశాడు. పోగులు తెగాయి. గొణుక్కుంటూ తనే బిందెడు నీళ్ళు తెచ్చాడు.

పున్నం నాడు అత్త పిలిచింది. ఆమె తడి గోనెలు దాటుకుంటూ వచ్చి, నా నొసట బొట్టు పెట్టి, పక్కింటామెతో అంది: "మా కోడలి పాదం మంచిదే. నడుమ ఏదో దిష్టి తగిలినట్టుండె."

పక్కింటామె తలూపింది. నాకు మాత్రం తెలుసు, ఆ పాదం మళ్ళీ చెడ్డదవడానికి ఒక్క పోగు తెగితే చాలు. ఆ వేసవంతా కోడి కూయకముందే లేచి గోనెలు తడిపాను.